గుండ్రం బంగళాలో మూసిన తలుపు

గుండ్రం బంగళా చరిత్ర అంటూ ఈ మధ్య ఆ హాల్లో ఒక పలక తగిలించారు. పనిమీద అటు వెళ్ళినప్పుడు నిలబడి మొత్తం చదివాను. కట్టించినాయన ఎవరు, ఏ సంవత్సరంలో కట్టించాడు, ఎంతమంది పెద్దమనుషులు వచ్చి బస చేశారు, కప్పు ఎన్ని అడుగుల ఎత్తు, అన్నీ రాశారు. అబద్ధం ఒక్కటీ లేదు. కాని దాన్ని కట్టిన మేస్త్రీ ముప్పై నాలుగేళ్ళు అందులోనే కాపలాదారుగా బతికాడనీ, చివరికి ఒక పూటలో సామాను సర్దుకుని పోవలసి వచ్చిందనీ ఒక్క ముక్క లేదు. ఆ మేస్త్రీ మా బాబాయి. పలక చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. మండవలసింది వాళ్ళ మీద కాదని ఇంటికొచ్చాక తెలిసింది. బాబాయి ఆ బంగళా వదలడానికి కారణం నేనే. కాబట్టి అక్కడ రాయని చరిత్ర నేను రాస్తున్నాను.

బంగళా కట్టించింది ఒక పశువుల డాక్టరు. వాళ్ళు ఏడుగురు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. సెలవులకి అందరూ తండ్రి ఇంట్లో చేరినప్పుడల్లా, గాలి తగిలే పెద్దగది ఎవరికి, వంటింటి పొగ కొట్టే చిన్నగది ఎవరికి అని మొదలై మాటలు మానేసేదాకా వెళ్ళేదట. పెళ్ళయిన చెల్లెలు ఒకావిడ ఆ గది గొడవ మీదే పన్నెండేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదట. డాక్టరుగారికి అది మనసులో ఉండిపోయింది. ఊరికి మూడు మైళ్ళ దూరంలో గుట్ట మీద నలుగురూ వచ్చి ఉండి వెళ్ళే బంగళా కట్టాలనుకున్నప్పుడు, ఏ గదికీ వంక పెట్టడానికి వీల్లేకుండా అన్నీ ఒక్క కొలతలో ఉండాలన్నాడు. ఆలోచించి ఆలోచించి కాగితం మీద ఒక సున్నా చుట్టాడు.

ఆ సున్నా పట్టుకుని మేస్త్రీల చుట్టూ తిరిగితే ఒక్కడూ ఒప్పుకోలేదు. నీళ్ళ ట్యాంకు కడుతున్నారా అని ఒకడు నవ్వాడు. మూల లేని గోడని ఎక్కడ మొదలెట్టాలండీ అని ఇంకొకడు అడిగాడు. నిజమే, మా పనిలో ముందు మూల నిలబెడతాం, ఆ మూలని నమ్ముకుని గోడ లేపుతాం. మా బాబాయికి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పని నేర్చుకుని గట్టిగా మూడేళ్ళు కాలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మధ్యలోంచి మొదలెడదామండీ," అన్నాడట.

నడుమ ఒక ఇనప మేకు దిగ్గొట్టి, దానికి తాడు కట్టి, తాడు చివర పట్టుకుని తిరుగుతూ ఒక్కొక్క ఇటుకా సరి చూసుకున్నాడు. వరస లేచినప్పుడల్లా మళ్ళీ చుట్టూ తిరగడమే. ఆ ఏడాదే ఆయనకి పెళ్ళయింది. "నా మొగుడు ఆ ఏడాది తిరిగిన తిరుగుడు తిన్నగా నడిచుంటే ఏ సముద్రంలోనో తేలేవాడు," అని మా పిన్ని నవ్వుతూ చెప్పేది. గుండ్రం మేస్త్రీ అనే పేరు ఆయనకి అప్పుడే పడింది, చివరిదాకా పోలేదు.

బంగళా లోపల నడుమ గుండ్రటి హాలు. పైన అద్దాల కప్పులోంచి వెలుతురు పడుతుంది. హాలు చుట్టూ ఎనిమిది గదులు, బండి చక్రంలో ఇరుసు నుంచి అంచుకి వెళ్ళే ఆకుల మధ్య జాగాల్లాగా. వీధి గుమ్మానికి సరిగ్గా ఎదురుగా వంటిల్లు. గుమ్మంలోంచి కుడివైపు నడిస్తే ఒకటి నుంచి నాలుగు గదులు, తర్వాత వంటిల్లు, దాని తర్వాత అయిదు నుంచి ఎనిమిది, మళ్ళీ గుమ్మం. ఎనిమిది తలుపులూ అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే ఉంటాయి. మొదట్లో వాటి మీద అంకెలు కూడా ఉండేవి కావు. ఎవరో పెద్ద అధికారి ఒకాయన స్నానం చేసి వచ్చి, తన గది ఏదో తెలియక, తడి తువ్వాలుతో అయిదు తలుపులు తట్టాడట. ఆ మర్నాడే అంకెలు వేయించారు. బీరువాలు గోడకి ఆనవు. వాటి వెనకాల ఎప్పుడూ సందు మిగిలేది. అందులో పడ్డ దువ్వెనలూ, కళ్ళజోళ్ళూ, ఎవరెవరికో రాసిన ఉత్తరాలూ పిన్ని కర్రతో లాగి తీసి దాచిపెట్టేది.

కట్టడం అయిపోయాక డాక్టరుగారు బాబాయిని వెళ్ళనివ్వలేదు. ఎక్కడ పగిలినా ఎక్కడ కారినా నీకు తప్ప ఎవరికీ అంతుపట్టదు, ఇక్కడే ఉండిపో అన్నాడు. వంటింటి వెనక ఒక గది వేసి ఇచ్చాడు. పిన్ని వంట చూసేది, బాబాయి మిగతావన్నీ చూసేవాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. నాకు తాపీ పట్టడం నేర్పింది ఆయనే. నాకంటూ పనులు వచ్చాక కూడా వారానికోసారి గుట్టెక్కి వాళ్ళిద్దర్నీ చూడకపోతే నాకు తోచేది కాదు.

యాభై రెండో ఏట ఆయన కళ్ళు పోయాయి. ఇదంతా నాకు తర్వాత పిన్ని చెప్పింది. ముందుగా, పక్కల నుంచి వచ్చే మనుషులు కనపడటం మానేశారు. తలుపు రెక్కలు భుజానికి తగిలేవి. కనిపించేది రోజురోజుకీ కుంచించుకుపోయి, ఆఖరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మిగిలింది. అప్పుడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు, పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కూడా నిలవదు అని ఆయన చెప్పాడు. ఏడాది తిరక్కుండా ఆ కాస్తా పోయింది.

అప్పటికి పశువుల డాక్టరు కాలం చేశాడు. బంగళా ఆయన కూతురి చేతిలో ఉంది. ఆవిడ ఏడాదికోసారి వచ్చి రెండు రోజులుండి వెళ్ళేది. విషయం తెలిస్తే చెడ్డగా చూసేది కాదేమో గాని, కళ్ళు లేని మనిషిని కాపలా ఉంచుకునేది మాత్రం కాదు. కాపలా పోతే వెనకగది పోతుంది. ఆ గది తప్ప వాళ్ళకి వేరే గూడు లేదు. ప్రాణం పోయేదాకా ఇక్కడే ఉందాం, ఎవరికీ తెలియనివ్వద్దు అని ఇద్దరూ అనుకున్నారు. నాకు కూడా చెప్పలేదు. పిన్ని చెబుదామంటే బాబాయి ఒప్పుకోలేదట.

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అయినా వాడు నన్ను ఇప్పటికీ మేస్త్రీలాగే చూస్తున్నాడు. అలాగే చూడనీ," అన్నాడట.

గుండ్రటి ఇల్లు కాబట్టి ఆ గుట్టు ఆరేళ్ళు నిలిచింది. గోడ మీద చెయ్యి వేసి నడిస్తే చాలు, ఎక్కడా మూల తగలదు, గోడే బయల్దేరిన చోటికి తీసుకొస్తుంది. తలుపులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళడమే. చెయ్యి ఎందుకు ఆనించాడని ఎవరూ అడక్కుండా ఎప్పుడూ ఒక తువ్వాలు పట్టుకుని గోడ తుడుస్తూ నడిచేవాడు. ఈయనకి శుభ్రం పిచ్చి అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకునేవారు. నేనూ ఎగతాళి చేశాను. "ఇంకా తుడిస్తే గోడ అరిగిపోతుంది బాబాయ్," అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. తాళంచెవుల చెక్కబిళ్ళలకి చాకుతో గాట్లు పెట్టుకున్నాడు, మూడో గదికి మూడు, నాలుగో గదికి నాలుగు. హాల్లో కుర్చీ ఎవరైనా జరిపితే పిన్ని వాళ్ళ మీద విరుచుకుపడేది. ఇంత మంచి మనిషికి కుర్చీ దగ్గరే ఎందుకంత కోపం అని నాకు వింతగా ఉండేది.

నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, "రారా, ఇవాళ సున్నం పనా?" అని పలకరించేవాడు. నా బట్టలు చూసి అంటున్నాడనుకునేవాణ్ణి. ఆరేళ్ళపాటు ఆయన ఎదురుగా కూర్చుని టీ తాగాను. పిన్ని గ్లాసు ఆయన చేతిలో పెట్టేదే గాని బల్ల మీద పెట్టేది కాదు. అది కూడా మొగుడూపెళ్ళాల ముచ్చట అనుకున్నాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి మరి.

తర్వాత డాక్టరుగారి కూతురు బంగళా అమ్మేసింది. కొన్న ఆయన్ని అందరూ కొత్తాయన అనేవాళ్ళు. చెడ్డవాడేం కాదు. బాబాయినీ పిన్నినీ పనిలోనే ఉంచాడు. కాని ఈయన వారానికి నాలుగు రోజులు బంగళాలోనే ఉండేవాడు. వాళ్ళిద్దరికీ ఆ నాలుగు రోజులూ కత్తి మీద సాములా గడిచేవి. బాబాయి అన్నం కూడా హాల్లో ఎవరూ లేనప్పుడు తినేవాడట. అలా నాలుగు నెలలు నెగ్గుకొచ్చాడు.

వచ్చేవాళ్ళు పెద్ద గది అడుగుతున్నారని కొత్తాయనకి ఒక ఆలోచన పుట్టింది. ఆరో గదినీ ఏడో గదినీ కలిపి ఒకటి చెయ్యాలి. మధ్య గోడ తీసెయ్యాలి. రెండు తలుపులు ఎందుకు, ఆరో గది తలుపు మూసేసి హాలు గోడలో కలిపెయ్యాలి. ఆ వంపు గోడ పని చెయ్యగలిగినవాడు చుట్టుపక్కల ఎవరూ లేరని నన్ను పిలిచాడు. ఒక నెల బంగళా మూసి, బాబాయినీ పిన్నినీ సెలవు మీద పిన్ని అక్కగారింటికి పంపాడు.

వెళ్ళే ముందు బాబాయి నన్ను వెనకగదిలోకి పిలిచాడు.

"ఏం పని చేయిస్తున్నాడురా?"

"రంగులు బాబాయ్. కప్పు అద్దాలు రెండు మార్చాలి."

"గోడల జోలికి వెళ్ళరు కదా?"

"లేదు బాబాయ్."

ఆ అబద్ధం ఎందుకు ఆడానో చెబుతాను. ఎనిమిది గదులూ ఒక్కలా ఉండటమే ఆ ఇంటికి ప్రాణం అని ఆయన వందసార్లు చెప్పగా విన్నాను. రెండు గదులు కలిపేస్తున్నాం అంటే ఆ నెలంతా అక్కగారింట్లో ఆయనకి ముద్ద దిగదు. వచ్చాక ఎలాగూ కళ్ళతో చూస్తాడు, రెండు రోజులు తిడతాడు, తర్వాత నా పనితనం చూసి ఊరుకుంటాడు అనుకున్నాను. ఆయన బాధపడకూడదని నేను దాచాను. నేను బాధపడకూడదని ఆయనా దాచాడు. ఇద్దరం అలా కూర్చుని ఒకరి మేలు ఒకరం కోరుకున్నాం.

ఆ తలుపు మూయడానికి నాకు అయిదు రోజులు పట్టింది. చౌకట్టు ఊడదీసి, పాత ఇటుకల మధ్యకి కొత్త ఇటుకలు ఒకటి విడిచి ఒకటి దించాను. హాలు నడుమ మళ్ళీ మేకు పెట్టి తాడు లాగాను. వంపుకి సరిపడా చెక్క కోయించి, ఆ చెక్కతో గారని లాగాను. ఒకటి ఆరాక ఇంకొకటి, మొత్తం మూడు పూతలు. రాయితో రుద్దాను. రంగు వేశాను. ఆఖర్న కళ్ళు మూసుకుని అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసకి నిమిరి చూశాను. ఎక్కడా తగల్లేదు. అక్కడ ఒకప్పుడు తలుపు ఉండేదంటే ఎవరూ నమ్మరు. నా చేత్తో నేను చేసిన వాటిలో అంత మంచి పని ముందూ లేదు, తర్వాతా లేదు.

బంగళా మళ్ళీ తెరిచిన రోజు పొద్దున్నే కొంతమంది దిగిపోయారు. ఎనిమిదో గదిలో ఒక జంట చేరింది. కలిపిన పెద్ద గదికి ఏడో అంకె అలాగే ఉంచారు. అందులోకి కొత్తాయన స్నేహితులు పదకొండింటికి రావాలి. రంగు ఎక్కడైనా గీసుకుపోతే సరిచెయ్యమని నన్నూ ఉండమన్నాడు. బాబాయి వాళ్ళ బస్సు రెండు గంటలు ఆలస్యమైంది. వస్తూనే పిన్ని వెనక వైపు నుంచి వంటింట్లోకి దూరిపోయింది. వంటింటి తలుపు దగ్గరే బాబాయి చేతుల్లో కొత్తాయన తువ్వాళ్ళ కట్ట పెట్టాడు.

"మేస్త్రీగారూ, ఏడో గదిలో పెట్టి రండి. వాళ్ళు దార్లో ఉన్నారట."

"అలాగేనండి," అన్నాడు బాబాయి.

నేను గుమ్మం దగ్గర నిచ్చెన మీద ఉన్నాను. వంటింటి తలుపు నుంచి లెక్కపెడితే ఏడో గది మూడోది. నేను ఒకటి మూసేశాక మూడోది ఎనిమిదో గది అయింది. అదేమీ నా బుర్రకి తట్టలేదు. ఆయనకి అంకెలు కనిపిస్తాయనే కదా నా నమ్మకం. తువ్వాళ్ళు ఎడమ చంకలో పెట్టుకుని, కుడి చేత్తో ఎప్పట్లాగే గోడ తుడుస్తూ బయల్దేరాడు. అయిదో గది దాటాడు. నేను తలుపు మూసిన చోట ఆగాడు. అరచెయ్యి పైకీ కిందకీ నిమిరాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు. నా పని చూసి మురిసిపోతున్నాడనుకున్నాను. నిచ్చెన మీద నాలో నేనే నవ్వుకున్నాను. ఆయన ముందుకి కదిలాడు. ఒక తలుపు దాటాడు. ఆ తర్వాత తలుపు తోశాడు. ఖాళీ గది అనుకున్నాడు కాబట్టి తట్టలేదు. కొత్త రంగు ఆరక ఆ తలుపు గడియ పడటం లేదు.

లోపల ఆ ఇల్లాలు స్నానం చేసి వచ్చి బట్టలు మార్చుకుంటోంది. ఆవిడ కేకకి అందరం పరిగెత్తాం. వాకిట్లో ఉన్న భర్త లోపలికొచ్చాడు. ఆవిడ దుప్పటి చుట్టుకుని ఆయన వెనక్కి వెళ్ళి నిలబడింది. బాబాయి హాల్లోకి వచ్చేశాడు. తువ్వాళ్ళు గుండెలకి అదుముకుని నిలబడ్డాడు.

"తప్పయింది తల్లీ. ఖాళీ గది అనుకున్నాను. క్షమించు తల్లీ."

"సిగ్గు లేదా నీ వయసుకి? ఎటు చూసి చెబుతున్నావు? ఇటు చూసి మాట్లాడు," అన్నాడు భర్త.

బాబాయి మాట వచ్చిన వైపు తిరిగాడు. ఆయన చూపు ఆ మనిషి మొహం మీద కాకుండా ఎక్కడో తల పైన నిలబడింది. అంతవరకూ ఆయన క్షమాపణ చెప్పుకుంది నా నిచ్చెనకి. అప్పుడు తెలిసింది నాకు. గోడ తుడవడం, గ్లాసు చేతిలో పెట్టడం, కుర్చీల మీద పిన్ని కోపం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి.

"నేను ఏడో గది అన్నాను కదండీ. తలుపు మీద ఎనిమిది అని ఇంత అంకె ఉంది. చూడలేదా?" అన్నాడు కొత్తాయన.

వంటింట్లోంచి పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అందరి మొహాలూ చూసింది. ఆ భర్త మళ్ళీ ఏదో అనబోతుంటే అడ్డం వచ్చింది.

"ఆయనకి కనపడదు బాబూ. ఆరేళ్ళయింది. పరాయి ఆడదాన్ని తొంగిచూసే మనిషి కాదు ఆయన. ఇంకో మాట అనకండి."

"నువ్వు లోపలికి వెళ్ళు," అన్నాడు బాబాయి మెల్లగా.

ఆయన పరువు నిలబెట్టడానికి పిన్ని ఇల్లు వదులుకుంది. ఏం వదులుకుంటోందో ఆవిడకి తెలుసు. ఆ గందరగోళంలో ఆవిడ గోడ వైపు చూడనే లేదు. ఆ నిమిషంలో నేను అనవలసిన మాట ఒకటుంది. ఆ తలుపు నేను మూశాను, ఈయనకి చెప్పకుండా మూశాను, లెక్క తప్పించింది నేనే అని. అంతే. నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. అనుంటే కొత్తాయన మనసు మారేదని కాదు. బాబాయి అంతమంది మధ్య ఒంటరిగా నిలబడి ఉండేవాడు కాదు, అంతే.

ఆ జంట కోపం జాలిగా మారింది. ఆ ఇల్లాలైతే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొత్తాయన కూడా మర్యాదగానే మాట్లాడాడు. మీ మీద నాకు కోపం లేదు మేస్త్రీగారూ, కాని రేపు మీరెక్కడైనా పడితే నేను ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నాడు. సాయంత్రానికి రెండు పెట్టెలూ ఒక పరుపుచుట్టా సర్దుకుని ఇద్దరూ నా బండి ఎక్కారు. మా ఇంటికి తీసుకొచ్చాను. వేరే ఎక్కడికి వెళ్తారు?

మాది సన్నటి వీధిలో మూడు గదుల ఇల్లు. బాబాయి మర్నాడే గోడ మీద చెయ్యి వేసి నడవబోయాడు. పదడుగులకి మూల వచ్చింది. చెయ్యి మూలలో ఇరుక్కుంది. తిరిగాడు, బీరువా తగిలింది. దాన్ని తప్పుకుంటే కిటికీ రెక్క నుదుటికి కొట్టుకుంది. వారం రోజులు ప్రయత్నించాడు. తర్వాత మంచం దిగడం మానేశాడు. పిన్ని చెయ్యి పట్టుకుంటే తప్ప కదిలేవాడు కాదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట.

"లెక్క తప్పానండీ. ఆ ఒక్క రోజూ లెక్క తప్పాను."

ఆ మాట విన్నప్పుడల్లా నేను లేచి వీధిలోకి పోయేవాణ్ణి. నువ్వు తప్పలేదు బాబాయ్ అని ఒక్క ముక్క చెబితే ఆయన గుండె మీద బరువు దిగేది. చెబితే నా బండారం బయటపడేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని నాలుగు నెలలు గడిపాను. చెప్పడం చేతకాక ఒక పిచ్చి పని మొదలుపెట్టాను. మా ఇంటి గదుల మూలలకి ఇటుకముక్కలు పేర్చి గార పూసి గుండ్రంగా చెయ్యడం. మా ఆవిడ నాకు మతి పోయిందనుకుంది. పిన్ని సరుకులు తేవడానికి బజారుకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం రెండో మూల పూర్తి చేస్తున్నాను. బాబాయి మంచం మీద కూర్చుని వింటున్నాడు.

"నీళ్ళు ఎక్కువయ్యాయి. తాపీ చప్పుడులో తెలుస్తోంది," అన్నాడు.

అంటూనే లేచాడు. అన్నాళ్ళకి తనంతట తాను లేచాడు. గోడ పట్టుకుని వచ్చి, ఆరిన మొదటి మూల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"బాగా వచ్చిందిరా. బంగళాలో కూడా ఇలాగే చేశావు."

నా చేతిలో తాపీ ఆగిపోయింది.

"ఏది బాబాయ్?"

"ఆరో గది తలుపు. చౌకట్టు ఎక్కడుండాలో నాకు తెలుసు కదా. వెతికాను. పైనుంచి కింద దాకా ఎక్కడా అతుకు తగల్లేదు. ఇంకా ఆరో గది రాలేదేమోనని నా మీద నాకే అనుమానం వచ్చి ముందుకి నడిచాను. ఆ అమ్మాయి కేక వేశాక అర్థమైంది. ఎనిమిదో గది పక్కన గుమ్మం ఉంది కదా, అక్కడ గొంతు వేరేగా మోగుతుంది. మధ్యలో ఒక తలుపు మాయమైందని అప్పుడు తెలిసింది. అంత నున్నగా మూసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇద్దరే ఉన్నారు. ఒకణ్ణి నేను."

నేను కింద కూర్చుండిపోయాను.

"తెలిసి కూడా లెక్క తప్పానని ఎందుకంటున్నావు అందరితో?"

"మీ పిన్ని వింటుంది కదరా. నువ్వు మూశావని తెలిస్తే దానికి ఈ ఇంట్లో ముద్ద దిగుతుందా? కట్టుబట్టలతో లేచి పోదాం అంటుంది. కళ్ళు లేని నన్ను పట్టుకుని ఎక్కడికి పోతుంది?"

"నేనే చెబుతాను పిన్నికి. కాళ్ళు పట్టుకుంటాను."

"వద్దు. నాకైనా నువ్వే చెబుతావేమో అని ఇన్నాళ్ళూ చూశాను. చెప్పలేకపోయావు. పోనీలే. నేను పోయాక దానికి నువ్వే దిక్కు. నిన్ను చూసి అది మొహం తిప్పుకునేలా చేసుకోకు."

అని మళ్ళీ మూల నిమిరాడు. ఆ మాటల్లో కోపం ఉంటే నాకు బాగుండేది. లేదు.

మిగతా మూలలు కూడా పూర్తి చేశాను. కాని ఆయన వాటిని పట్టుకుని నడిచింది నాలుగు రోజులే. తర్వాత జ్వరం వచ్చింది. మూడు వారాలు మంచం మీదే ఉండి కన్నుమూశాడు. మా ఇంటికి వచ్చిన అయిదో నెల అది.

ఇప్పుడు ఎక్కడైనా తలుపు మూసే పని వస్తే వేరేవాళ్ళకి అప్పజెబుతున్నాను. అడిగినవాళ్ళకి నడుం నొప్పి అని చెబుతాను. పిన్ని మా దగ్గరే ఉంది. మా ఆవిడతో కలిసి వంట చేస్తుంది, నా కంచంలో రెండోసారి తనే వడ్డిస్తుంది. ఇరుగుపొరుగు ఎవరైనా బాబాయి సంగతి ఎత్తితే, "ఆ ఒక్క రోజు లెక్క తప్పాడమ్మా. లేకపోతే ఆ బంగళాలోనే హాయిగా పోయేవాడు," అంటుంది. తర్వాత నన్ను చూపించి, "కొడుకున్నా ఇంతకన్నా బాగా చూసేవాడు కాదు," అంటుంది. నేను తల వంచుకుని అన్నం తింటూ ఉంటాను. ఈ కాగితాలు బల్ల మీద పరిచి రాస్తుంటే రెండుసార్లు వచ్చి పక్కన నిలబడింది, ఎవరికి ఇంత పెద్ద ఉత్తరం అని అడిగింది. పిన్నికి చదవడం రాదు.